తాత యాకోబు, మనవడు సాంతియాగో?

ప్రశ్న: మా మామగారి పేరు యాకోబు. ఆయన పేరు నిలిచేలా మా బాబుకి 'శాంటియాగో' అని పెడదామనుకుంటున్నాం. అది యాకోబుకి స్పానిష్ రూపమేనా? అర్థమేమిటి? సర్టిఫికెట్‌లో ఎలా రాయించాలి?
– ఒక పాఠకురాలు, పలాస

జవాబు: రూపమే గానీ, ఇద్దరు యాకోబుల్లో ఒకరికే. తెలుగు బైబిల్లో ఇస్సాకు కొడుకూ యాకోబే, జెబెదయి కొడుకైన అపొస్తలుడూ యాకోబే. స్పానిష్ కాథలిక్ బైబిళ్లలో మొదటాయన హకోబ్, రెండో ఆయన సాంతియాగో; ప్రొటెస్టెంట్ల రేనా-వలేరా బైబిల్లో మాత్రం ఆ అపొస్తలుడు హకోబో. కొత్త నిబంధనలోని మన యాకోబు పత్రిక (లేఖ) కూడా స్పానిష్‌లో సాంతియాగోయే. మీ మామగారికి ఎవరిని తలుచుకుని ఆ పేరు పెట్టారో ముందు ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. ఇస్సాకు కొడుకైన ఆదికాండం యాకోబైతే హకోబ్ అన్న పేరే దగ్గర.

హీబ్రూ యాకోవ్ గ్రీకులో యాకోబోస్, లాటిన్‌లో యాకోబుస్ అయి, పాత స్పానిష్‌లో యాగోగా మిగిలింది. దాని ముందు పునీత అనే అర్థమున్న 'సాంత్' చేరి, రెండూ అతుక్కుపోయాయి. అంటే బిరుదు పేరులోనే ఉంది. పునీతుల్ని కొలవని బాప్టిస్టు ఇళ్లలో ఇది తెలిసి పెట్టుకోవడం మంచిది. దియేగో కూడా ఇందులోంచే పుట్టిందంటారు, భాషా పండితులందరూ ఒప్పుకోరు.

అర్థానికొస్తే, ఆదికాండము 25:26లో పుట్టేటప్పుడు యాకోబు తన కవల అన్న ఏశావు మడిమెను పట్టుకున్నాడు కనుక ఆ పేరు. 27:36లో ఏశావు దాన్నే మోసానికి ముడిపెట్టి తిడతాడు. 'దేవుడు కాపాడుగాక' అన్నది అసలు అర్థమని మరికొందరు పండితుల మాట.

పలికేటప్పుడు 'ట' కాదు, మన 'త'యే సరి: సాంతియాగో, ఒత్తు 'యా' మీద. చిక్కంతా ఇంగ్లీషు స్పెల్లింగులో వస్తుంది. 'త' వినగానే మనవాళ్లు టి పక్కన హెచ్ పెట్టేస్తారు. అది వద్దు. ఎస్, ఎ, ఎన్, టి, ఐ, ఎ, జి, ఓ – ఎనిమిదే అక్షరాలు. కాగితం మీద రాసి పట్టుకెళ్లండి, నోటితో చెప్పొద్దు. తేలకపోతే తొందరేం లేదు: జననం 21 రోజుల్లో నమోదు చేయించి, పేరు 12 నెలల్లోపు రుసుం లేకుండా చేర్పించుకోవచ్చు. ఇంట్లో పిలవడానికి 'సాంతి' అనండి, స్పెయిన్‌లోనూ అదే ముద్దుపేరు. అపొస్తలుడి పండుగ జులై 25.

ప్రశ్న: కొలంబియా ఫుట్‌బాల్ ఆటగాడు జేమ్స్ రోడ్రిగెజ్‌ని కామెంటేటర్లు 'హామెస్' అంటారేం?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: స్పానిష్‌లో 'జె' అక్షరాన్ని గొంతులోంచి 'హ'లా పలుకుతారు. ఇంగ్లీషు పేరునే ఉన్న అక్షరాల ప్రకారం చదివితే హామెస్. దీనికి స్పానిష్‌లో అసలు జోడీ హైమే. జేమ్స్, హైమే రెండూ యాకోబుస్ అరిగి యాకోముస్ అయిన తర్వాత పుట్టినవే.