అన్నీ చేస్తున్నా నెమ్మది లేదంటే, ముందు ఎక్కడ చూడాలి?

వందనాలు సిస్టర్.

తెల్లవారుజామున ప్రార్థన చేస్తున్నాను, వాక్యం చదువుతున్నాను, పాటల పరిచర్యలో ఉన్నాను, అయినా లోపల నెమ్మది లేదని రాశారు. విశ్వాసం ఉంటే చాలదా, విధేయత అంటే ఇంకా ఏం చేయాలి, 21 రోజుల ఉపవాసం మొదలుపెట్టమంటారా అని అడిగారు. చివర్లో, పోతూ పోతూ అన్నట్టు, "అక్కతో చాలాకాలంగా మాటల్లేవు, అది వేరే సంగతి లెండి" అన్నారు.

నేను పాస్టర్ని కాదు. వెనక వరసలో కూర్చునే మామూలు విశ్వాసిని. కానీ మీరు చెప్పిన స్థితి నాకు బాగా తెలుసు కాబట్టి రాస్తున్నాను. మీకు కావలసింది ఇంకో ఆత్మీయ కార్యక్రమం కాదని నా అభిప్రాయం.

విశ్వాసాన్ని, విధేయతను, విశ్రాంతిని ఒక్కచోట పెట్టి మాట్లాడేది హెబ్రీ పత్రిక 3, 4 అధ్యాయాలు. అక్కడ రచయిత 95వ కీర్తనను ఎత్తుకుని, ఐగుప్తు నుంచి విడుదలై వచ్చి అరణ్యంలో రాలిపోయిన ఇశ్రాయేలీయుల తరాన్ని గుర్తు చేస్తాడు. ఆ కథ సంఖ్యాకాండం 13, 14 అధ్యాయాల్లో ఉంది. పన్నెండు మంది వేగులవాళ్లు దేవుడు ఇస్తానన్న కనాను దేశాన్ని 40 రోజులు చూసి వచ్చారు. ఎష్కోలు లోయలో కోసిన ఒక్క ద్రాక్షగెలను ఇద్దరు మనుషులు కర్రకు తగిలించి మోసుకొచ్చారు. పండు కళ్లెదుటే ఉంది. అయినా అక్కడి మనుషులకు భయపడి జనం కదల్లేదు. వాళ్లు విశ్రాంతిలోకి ఎందుకు వెళ్లలేకపోయారంటే, హెబ్రీ 3:18 అవిధేయత అంటుంది, ఆ పక్క వచనమే అవిశ్వాసం అంటుంది. ఇవి రెండు వేర్వేరు నేరాలని నేననుకోను. దేవుడి మాట నమ్మని మనసు అడుగు వేయదు, అంతే. కాబట్టి విశ్వాసం చాలదా అంటే, చాలు. కాకపోతే ఆయన ఏ మాట చెప్పాడో ఆ మాట మీదే అది నిలబడాలి.

సంఖ్యాకాండం 14వ అధ్యాయం చివరి భాగం మీద ప్రసంగాలు తక్కువ వింటాం, నాకేమో అదే ముఖ్యమనిపిస్తుంది. నలభై ఏళ్లు తిరగాలన్న తీర్పు వినగానే జనం ఏడ్చారు. మర్నాడు పొద్దున్నే లేచి, మేము పాపం చేశాం, ఇప్పుడు వెళ్తాం అని కొండెక్కడం మొదలుపెట్టారు. మోషే వద్దన్నాడు. దేవుని సన్నిధికి గుర్తైన నిబంధన మందసం పాళెం దాటి కదల్లేదు. అమాలేకీయులు, కనానీయులు వాళ్లను హోర్మా దాకా తరిమి కొట్టారు. పైకి చూస్తే నిన్నటికంటే ఇవాళే ఎక్కువ భక్తిగా కనిపిస్తున్నారు కదా. పాపపు ఒప్పుకోలు ఉంది, తెగింపు ఉంది. కానీ ఆ రోజుకు దేవుడు చెప్పింది వెనక్కి తిరిగి ఎర్రసముద్రపు దారిన అరణ్యంలోకి వెళ్లమని. అదొక్కటి వదిలేసి మిగతావన్నీ చేశారు. మన ఉపవాస ప్రార్థనల్లో కొన్ని ఇలాంటివేమో అని నాకు అనుమానం. అందరివీ అనడం లేదు.

అరణ్యంలో దేవుడు రోజూ కురిపించిన ఆహారం, మన్నా విషయంలోనూ ఇంతే. ఆరో రోజు రెండింతలు కూర్చుకోండి, విశ్రాంతి దినమైన ఏడో రోజు బయటికి పోవద్దు అన్నాడు. అయినా కొందరు ఏడో రోజు ఏరుకోవడానికి వెళ్లారు, ఏమీ దొరకలేదు. అక్కడ అవిధేయత సోమరితనం కాదు, పని చేయడమే.

ఇక నా సంగతి. ఒక తోటి విశ్వాసి వ్యాపారం కోసమని అడిగితే డబ్బు అప్పిచ్చాను. మేము వెనకేసుకున్నది దాదాపు అదే. కొన్నాళ్లు వడ్డీ కట్టారు. తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు, సంఘానికి రావడం కూడా మానేశారు. ప్రామిసరీ నోటు నా బైబిల్ జిప్ కవర్లో ఉండేది. భద్రంగా ఉంటుందని అక్కడ పెట్టాను. వాక్యం చదువుదామని కవర్ తెరిస్తే ముందు చేతికి తగిలేది ఆ కాగితమే. రాత్రి పక్క మీద వాలగానే లెక్క మొదలయ్యేది: అసలు ఇంత, వడ్డీ ఇంత, ఈపాటికి మొత్తం ఇంత. తర్వాత ఆ మనిషితో వాదన. నా డైలాగులూ నావే, ఆయన డైలాగులూ నావే. తెల్లారేసరికి వాదనలో నేనే గెలిచేవాణ్ణి, నిద్ర మాత్రం ఉండేది కాదు.

సంఘంలో మాత్రం నా పని ఏమీ తగ్గలేదు. సండే స్కూల్ పిల్లలకు పరలోక ప్రార్థన నేర్పేది నేనే. "మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము" అన్న చోటికి వచ్చేసరికి నా గొంతు కాస్త తగ్గేది. పిల్లలు అదేమీ గమనించకుండా పెద్దగా చెప్పేసేవాళ్లు.

నెమ్మది ఇవ్వమని దేవుణ్ణి అడుగుతూనే ఉన్నాను. ఒకరోజు మా సంఘపెద్దల్లో ఒకాయనకు ఇదంతా చెప్పుకుంటే, ఓపిగ్గా విని, "సరే బాబూ, ఆ నోటు ఎవరి దగ్గరుంది, నీ దగ్గరా, ఆయన దగ్గరా?" అన్నారు. అప్పటికి నాకు కోపమే వచ్చింది. డబ్బు పోయింది నాది, ఉపదేశం కూడా నాకేనా అనిపించింది.

ఆ డబ్బు నా ఒక్కడిది కాదు కాబట్టి ఇంట్లో మాట్లాడాను. నా భార్య కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "పోయిన డబ్బు పోయింది, మీరైనా మాకు మిగలండి" అంది. ఆ వ్యక్తికి మెసేజ్ పెట్టాను: మీరు ఇక నాకు బాకీ లేరు, దీని గురించి నేను మళ్లీ అడగను. జవాబు రాలేదు. నోటు చింపేశాను. చింపేటప్పుడు సంతోషమేమీ కలగలేదు, చేయి వణికింది.

నెమ్మది ఆ రాత్రే రాలేదు. సాక్ష్యాల్లో అలా చెబుతుంటారు గానీ నాకు అలా జరగలేదు. అలవాటు ప్రకారం లెక్క మొదలయ్యేది, కానీ కట్టాల్సిన మనిషి లేడు కాబట్టి ఎంతో దూరం సాగేది కాదు. పగ తీర్చుట నా పని అని ప్రభువు చెప్పిన మాట (రోమా 12:19) అంతకుముందు నాకు బెదిరింపులా వినపడేది. ఇప్పుడది నా చేతిలోంచి ఒక పని తీసేసుకున్నట్టు ఉంది. వసూలు చేసేవాడిగా, తీర్పు చెప్పేవాడిగా నేను చేస్తున్న రాత్రి డ్యూటీ ఆగిపోయింది. నాకు తెలిసిన విశ్రాంతి ఇదే.

అందరూ నోట్లు చింపేయాలని కాదు. న్యాయంగా వసూలు చేసుకోవడం పాపం కాదు. నా మీద దేవుడు వేలు పెట్టిన చోటు అది, మీది వేరే ఉండొచ్చు.

మత్తయి 11వ అధ్యాయంలో ప్రయాసపడి భారం మోసుకొనుచున్న జనులను యేసు పిలిచినప్పుడు విశ్రాంతి మాట రెండుసార్లు వస్తుంది. మొదట "నేను మీకు విశ్రాంతి కలుగజేతును" అంటాడు. ఆ తర్వాత నా కాడి ఎత్తుకోండి, నా దగ్గర నేర్చుకోండి, అప్పుడు మీ ప్రాణాలకు విశ్రాంతి దొరుకుతుంది అంటాడు. మొదటిది ఊరికే ఇచ్చేది. రెండోది కాడి కింద నడుస్తుంటే దొరికేది. చాలామంది మొదటిదే చాలనుకుని ఆగిపోతారు. మీలాంటి శ్రద్ధగలవాళ్లకు ఉండే ప్రమాదం దీనికి తలకిందులు: రెండోదాన్ని కష్టపడి సంపాదించి, మొదటిదానికి అర్హత తెచ్చుకోవాలని చూస్తారు. సీనాయి దగ్గర కూడా పది ఆజ్ఞల కంటే ముందు వచ్చిన మాట, నిన్ను ఐగుప్తులోనుంచి, దాస్యగృహంలోనుంచి రప్పించింది నేనే అని. విడుదల ముందు, ఆజ్ఞ తర్వాత. 1563లో వచ్చిన హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరిలోనూ (క్రైస్తవ విశ్వాసాన్ని ప్రశ్న జవాబులుగా నేర్పే పుస్తకం) పది ఆజ్ఞల వివరణను పాపం గురించిన మొదటి భాగంలో కాకుండా కృతజ్ఞత గురించిన మూడో భాగంలో పెట్టారు. ఆ వరస తెలిశాక ఆజ్ఞలు చదవడం నాకు కొంచెం తేలికైంది.

ఇప్పుడు మీ అక్క విషయం. మీ ఇద్దరి మధ్య ఏం జరిగిందో నాకు తెలియదు, తప్పెవరిదో చెప్పే అర్హత నాకు లేదు. కానీ నెమ్మది లేదని రాస్తూ రాస్తూ, ఎవరూ అడగకుండానే ఆ మాట మీ కలంలోంచి వచ్చింది. అది వేరే సంగతి కాకపోవచ్చు. బలిపీఠం దగ్గర అర్పణ అక్కడే విడిచిపెట్టి, ముందు వెళ్లి నీ సహోదరునితో సమాధానపడు అన్నాడు యేసు (మత్తయి 5:23, 24). ఆరాధన మధ్యలో లేచి వెళ్లమంటున్నాడంటే చూడండి.

ఫోన్ చేస్తే మాత్రం "నేను నిన్ను క్షమించాను అక్కా" అని మొదలుపెట్టకండి. వినేవాళ్లకు అది నేరం మోపినట్టే ఉంటుంది. ఆరోగ్యం ఎలా ఉందని అడగండి, పిల్లల సంగతి అడగండి. ఆమె ఫోన్ పెట్టేస్తే పెట్టేయనివ్వండి. "మీ చేతనైనంత మట్టుకు" అనే పౌలు రాశాడు (రోమా 12:18). అవతలివాళ్ల వంతు కూడా మీరే మోయాలని అనలేదు. ఒకవేళ అక్కడ హింస, బెదిరింపు లాంటివి జరిగి ఉంటే మాత్రం నేను చెప్పింది పక్కన పెట్టి, దూరంగానే ఉండండి.

విధేయత పేరు మీద సంఘ నాయకుడు చెప్పిన ప్రతిదానికీ తలూపనవసరం కూడా లేదు. బెరయ అనే ఊరివాళ్లు పౌలు మాటలనే లేఖనాలతో సరిచూసుకున్నారు, దానికి వాళ్లను మెచ్చుకున్నారే గానీ తిట్టలేదు.

ఉపవాసం అంటారా, చేయండి, కానీ ఆ ఫోన్ తర్వాత. ముందు చేస్తే ఫోన్ చేయకపోవడానికి అదో మంచి సాకు అవుతుంది.

ఇంకొక్క మాట. నెమ్మది లేకపోవడం ప్రతిసారీ అవిధేయత వల్లే కాదు. ఏలీయా ప్రవక్త బదరీ వృక్షం కింద చచ్చిపోతానని పడుకుంటే దేవుడు ఆయన విశ్వాసాన్ని పరీక్షించలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత లేపి తినిపించాడు, మళ్లీ పడుకోనిచ్చి మళ్లీ తినిపించాడు. మీకు వారాల తరబడి నిద్ర లేకపోయినా, తిండి సహించకపోయినా, ఊరికే టెన్షన్‌గా గుండె దడగా ఉంటున్నా డాక్టర్‌ని కలవండి. తెల్లవారుజాము ప్రార్థన కొన్నాళ్లు పొద్దెక్కాక చేసుకున్నా నష్టం లేదు.