ఫిబ్రవరిలో చూసిన ఢిల్లీ

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. నా వయసు 31, మావారికి 33. ఇద్దరివీ హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. కూకట్‌పల్లిలో అప్పు చేసి కొనుక్కున్న ఫ్లాట్‌లో ఉంటున్నాం. నెలకు 42,000 రూపాయల వాయిదా ఇంకా పదకొండేళ్లు కట్టాలి. పాపకు మూడేళ్లు నిండాయి. మా అత్తమామలది హనుమకొండ. పాప కోసం వాళ్లిద్దరూ నెలలో ఇరవై రోజులు మా దగ్గరే ఉంటారు. మామయ్యగారికి రెండేళ్ల కిందట గుండెకు స్టెంట్ వేశారు.

ఇప్పుడు నాకు గురుగ్రామ్‌లో టీమ్ లీడ్ ఉద్యోగం వచ్చింది. చేతికి వచ్చే జీతం 1,10,000 నుంచి 1,45,000 రూపాయలకు పెరుగుతుంది. డిసెంబరు మొదటి వారంలో చేరాలి, నవంబరు 15లోగా ఏ సంగతీ చెప్పాలి. మావారు నెలకు రెండుసార్లు మాత్రమే ఆఫీసుకు వెళ్తారు, మిగతా రోజులు ఇంటి నుంచే పని. ఎక్కడ ఉన్నా ఫరవాలేదని వాళ్ల మేనేజర్ నోటిమాటగా అన్నారట. మొన్న ఫిబ్రవరిలో బంధువుల పెళ్లికి ఢిల్లీ వెళ్లి నాలుగు రోజులు ఉన్నాం. లోధీ గార్డెన్, సుందర్ నర్సరీ, ఆ చలి, ఆ పూలు మాకెంతో నచ్చాయి. మావారైతే అప్పటినుంచీ శని, ఆదివారాలు హిమాలయాల్లో గడపవచ్చని కలలు కంటున్నారు. 'ఇక్కడ ట్రాఫిక్‌లోనే జీవితం తెల్లవారుతోంది, అక్కడైనా కాస్త బతుకుదాం' అని ఆయన మాట.

అక్కడ అద్దె, నిర్వహణ ఖర్చుతో కలిపి 45,000 దాకా అవుతుందని, పాపను చూసుకునే డేకేర్‌కు 15,000 పడుతుందని తెలుసుకున్నాం. మా ఫ్లాట్‌ను అద్దెకిస్తే 24,000 వస్తుంది. వెళ్లమంటారా? ఫ్లాట్ అమ్మేయాలా? పాప అక్కడ చదివితే రేపు తెలంగాణలో స్థానికత పోతుందని మా తమ్ముడు భయపెడుతున్నాడు, నిజమేనా? అత్తమామలకు ఇప్పుడే చెప్పాలా, అన్నీ ఖాయమయ్యాక చెప్పాలా?
— పేరు రాయవద్దన్న పాఠకురాలు, కూకట్‌పల్లి

జవాబు: ముందుగా మీరు చూసిన ఢిల్లీ గురించి మాట్లాడుకోవాలి. ఫిబ్రవరి, మార్చి నెలల ఢిల్లీ పెళ్లిచూపుల్లో కూర్చున్న పెళ్లికూతురు లాంటిది. ఆ రెండు నెలలు చూసి ఆ ఊరిని ప్రేమించనివారు ఉండరు. కాపురం మాత్రం పన్నెండు నెలలూ చేయాలి. దీపావళి వెళ్లీ వెళ్లకముందే గాలి కదలడం మానేస్తుంది; పంజాబ్, హర్యానా పొలాల్లో కాల్చే వరికొయ్యల పొగ, వాహనాల పొగ, కట్టడాల దుమ్ము అన్నీ కలిసి నేలకు దగ్గరగా పేరుకుపోతాయి. గాలి నాణ్యత సూచీ 400 దాటితే దానిని 'తీవ్రం' అంటారు, 450 దాటితే, కాలుష్యం పెరిగేకొద్దీ దశలవారీగా విధించే ఆంక్షలలో చివరిదైన నాలుగో దశ వస్తుంది. 2024 నవంబరు 18న ఆ నాలుగో దశే అమలులోకి వచ్చి, బడులు మూసి పిల్లలకు ఇంటి నుంచి ఆన్‌లైన్ పాఠాలు చెప్పవలసి వచ్చింది. గురుగ్రామ్ వేరే రాష్ట్రంలో ఉన్నంత మాత్రాన గాలి వేరు కాదు. మూడేళ్ల బిడ్డ ఉన్న ఇంటికి ఇది చిన్న విషయం కాదు. పాపకు ఆయాసం, తరచూ దగ్గు వంటివి ఉంటే పిల్లల డాక్టరును అడగకుండా అడుగు ముందుకు వేయవద్దు.

ఎండాకాలం గురించి నేను మిమ్మల్ని భయపెట్టను. ఓరుగల్లు మే నెల చూసినవారికి ఢిల్లీ వడగాలి కొత్త కాదు, డిసెంబరే కొత్త. నేను మయూర్ విహార్‌లో ఐదేళ్లు కాపురం చేశాను. మొదటి చలికాలంలో నన్ను ఏడిపించినది దోసెల పిండి. రాత్రి రుబ్బి పెట్టినది తెల్లవారేసరికి పెట్టినది పెట్టినట్టే ఉండేది, ఒక్క బుడగ లేదు. చివరకు గిన్నెకు పాత శాలువా చుట్టి, రూమ్ హీటర్ పక్కన పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టి, మధ్యరాత్రి లేచి చూసుకునేదాన్ని. నవ్వులాటగానే చెబుతున్నాను గానీ, పరాయి ఊరిలో మొదటి ఏడాది మనిషిని అలసటకు గురిచేసేవి చాలావరకు ఇటువంటి చిల్లర సంగతులే.

డబ్బు లెక్క మీరే ఇచ్చారు, కూడిక మాత్రం చేయలేదు. జీతం పెరిగేది 35,000. అక్కడి అద్దె 45,000లోంచి ఇక్కడి ఫ్లాట్‌పై వచ్చే 24,000 తీసేస్తే అదనపు భారం 21,000. ఇప్పుడు అత్తమామలు ప్రేమగా, ఉచితంగా చేస్తున్న పనికి డేకేర్‌లో 15,000 కట్టాలి. మొత్తం 36,000. అంటే పెరిగిన జీతం కంటే వెయ్యి రూపాయలు ఎక్కువే ఖర్చు, పైగా పండుగలకు ముగ్గురి విమాన టికెట్లు, గాలి శుద్ధి చేసే యంత్రాలు, చలిబట్టలు ఇందులో లేవు. హర్యానాలో వృత్తి పన్ను లేదు కాబట్టి మీ జీతంలో నెలకు 200 రూపాయలు మిగులుతాయి. దానిని లాభం కింద రాసుకుంటే మీ ఇష్టం. ఈ లెక్క మిమ్మల్ని ఆపడానికి కాదు. డబ్బు కోసం వెళ్తున్నామనే మాటను మీరిద్దరూ పక్కన పెడితే అసలు కారణం కనిపిస్తుంది. మీకు ఒక బృందాన్ని నడిపే అవకాశం వచ్చింది. ముప్ఫై ఒకటో ఏట వచ్చిన ఆ అవకాశం ఈ ప్రయాణానికి చాలిన కారణమే. అలాగని ఒప్పుకుని వెళ్తే, నెలాఖరున ఖాతాలో ఏమీ మిగలలేదని ఒకరినొకరు నిందించుకునే పని ఉండదు.

హిమాలయాల కారణం మాత్రం నాకు అంతగా నిలబడేదిగా తోచలేదు. గురుగ్రామ్ నుంచి ఋషీకేశ్ సుమారు 260 కిలోమీటర్లు. శుక్రవారం సాయంత్రం ఆ రద్దీలో ఢిల్లీని దాటడానికే ఎంతసేపు పడుతుందో చెప్పలేం. మూడేళ్ల పాపతో నెలకొకసారి కుదిరితే అదే గొప్ప. వర్షాకాలంలో కొండచరియలు విరిగిపడి దారులు మూసుకుపోతాయి. మీవారిని ఒక్క మాట అడగండి: మీ కూకట్‌పల్లికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో, వికారాబాద్ పక్కనే అనంతగిరి కొండలు ఉన్నాయి, గడిచిన ఏడాదిలో ఎన్నిసార్లు వెళ్లారు? ట్రాఫిక్ విషయంలోనూ అంతే. 2016 జూలైలో ఒక్క వానకు గురుగ్రామ్‌లో జాతీయ రహదారిపై జనం రాత్రంతా కార్లలోనే చిక్కుకుపోయారు, ఆ నీళ్ల బాధ ఇప్పటికీ తీరలేదు.

నన్ను నిజంగా ఆలోచనలో పడేసినది మీవారి సంగతి. ఈ మార్పులో మీకు కొత్త ఆఫీసు, కొత్త మనుషులు, పొద్దున లేస్తే వెళ్లడానికి ఒక చోటు ఉంటాయి. ఆయనకు పదిహేనో అంతస్తులో ఒక గది, ఒక లాప్‌టాప్, సాయంత్రం డేకేర్ నుంచి తీసుకురావలసిన పాప ఉంటాయి. ఇద్దరూ ఒకే ఇంటికి మారుతున్నా, ఇద్దరిదీ ఒకే మార్పు కాదు. ఇప్పుడు ఎక్కువ ఉత్సాహంగా ఉన్నది ఆయనే కాబట్టి మొదట దిగులుపడేదీ ఆయనే కావచ్చు. హైదరాబాదులో ఆటోవాలాలతో మనం మాట్లాడే హిందీని అక్కడ మాట్లాడితే మొదట నవ్వుతారు, తరువాత అలవాటుపడతారు. ఆ సంగతికి బెంగ అక్కరలేదు. స్నేహితులు దొరకడానికే ఏడాది పడుతుంది. ఇక మేనేజర్ నోటిమాటను నమ్మి ఇల్లు కదల్చకూడదు. వేరే రాష్ట్రం నుంచి పనిచేయడానికి అనుమతి ఉందని కంపెనీ నుంచి ఉత్తరం గానీ, ఈమెయిల్ గానీ రాతపూర్వకంగా తీసుకోండి. ఆ మేనేజరు మారినా, అందరూ ఆఫీసుకు రావాలని రేపు కంపెనీ అన్నా, మీరు ఒక ఊరిలో, ఆయన ఒక ఊరిలో ఉండవలసి వస్తుంది. నెలకు రెండుసార్లు వచ్చి వెళ్లే టికెట్టు ఎవరు కొంటారో కూడా ఆ ఉత్తరంలోనే తేల్చుకోండి. మీ ఆఫర్ లెటర్‌లోనూ, ఏడాదిలోపు మానేస్తే సామాను తరలింపు ఖర్చు తిరిగి కట్టాలనే షరతు ఉందేమో చూడండి.

మీవారు నెలకు రెండుసార్లు హైదరాబాదు ఆఫీసుకు వచ్చే ఆ ప్రయాణాలలోనే మీకు ఒక మేలు కూడా ఉంది, మీరు గమనించినట్టు లేదు. ఇప్పుడు మామగారికి బాగాలేదని ఫోను వస్తే మూడు గంటల్లో హనుమకొండలో ఉంటారు. అక్కడి నుంచైతే విమానాశ్రయం, రెండుంపావు గంటల విమానం, శంషాబాద్ నుంచి మళ్లీ రోడ్డు, అన్నీ కలిసి తొమ్మిది పది గంటలు. రైలులో దాదాపు ఒక రోజు. అత్యవసరంలో ఆ తేడాను ఏ ప్రణాళికా పూడ్చలేదు. అయితే ఆయన ఎలాగూ నెలకు రెండుసార్లు హైదరాబాదు వస్తారు కాబట్టి, అందులో ఒకదానిని మామగారి గుండె పరీక్షల తేదీతో కలుపుకుంటే పెద్దాయన చెకప్‌కు ఒంటరిగా వెళ్లవలసిన అవసరం ఉండదు.

ఫ్లాట్ అమ్మవద్దు. వెళ్తే రెండేళ్ల గడువు పెట్టుకుని వెళ్లమంటాను, అలా వెళ్లేవారు తిరిగి వచ్చే ఇంటిని చెరుపుకోకూడదు. మీ కారు డీజిల్‌ది, పాతది అయితే మాత్రం అమ్మేసే వెళ్లండి. పదేళ్లు దాటిన డీజిల్ వాహనాలను ఢిల్లీ, దాని చుట్టుపక్కల తిప్పకూడదని 2015లో జాతీయ హరిత ట్రిబ్యునల్, 2018లో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వుల దగ్గర నుంచి ఆ ప్రాంతంలో ఆ తకరారు నడుస్తూనే ఉంది. పెట్రోలు బండి అయితే ఇక్కడి ఆర్టీఏ నుంచి నిరభ్యంతర పత్రం తీసుకుని వెళ్లండి. పన్నెండు నెలలు మించి వేరే రాష్ట్రంలో ఉంచితే అక్కడ తిరిగి రిజిస్టరు చేయించాలి.

మీ తమ్ముడి భయంలో నిజం ఉంది గానీ తొందర లేదు. ఎంబీబీఎస్, బీడీఎస్ సీట్లలో స్థానికుడనిపించుకోవాలంటే అర్హత పరీక్ష వరకు వరుసగా నాలుగేళ్లు, అంటే తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా తెలంగాణలోనే చదివి ఉండాలన్న నిబంధనను 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు సమర్థించింది. మీ పాప తొమ్మిదో తరగతికి ఇంకా పదకొండేళ్ల వ్యవధి ఉంది. అంతకంటే ముందే తగిలేది తెలుగు. 2018 నాటి చట్టం ప్రకారం తెలంగాణలో ఏ బోర్డు బడిలోనైనా తెలుగు తప్పనిసరి. మూడో తరగతిలో తిరిగి వస్తే అప్పుడు గుణింతాలు మొదలుపెట్టవలసి వస్తుంది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో మొదలైన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీ బడులు ఢిల్లీలో ఉన్నాయి గానీ గురుగ్రామ్ నుంచి పసిపిల్లను రోజూ అక్కడికి పంపడం కుదిరే పని కాదు. కాబట్టి ఇంట్లో తెలుగే మాట్లాడండి, అక్షరాలు మీరే దిద్దించండి.

నా అభిప్రాయం: మీవారి కంపెనీ ఉత్తరం చేతికి వస్తే, పాప ఆరోగ్యం దృష్ట్యా డాక్టరు అడ్డు చెప్పకపోతే, రెండేళ్ల గడువు పెట్టుకుని వెళ్లండి. అయితే జవాబు ఇచ్చేలోపు, ఈ నవంబరులోనే, ముగ్గురూ నాలుగు రోజులు గురుగ్రామ్ వెళ్లి రండి. అందులో రెండు పనిరోజులు ఉండాలి. లోధీ గార్డెన్ వైపు పోవద్దు. మీరు ఉదయం తొమ్మిదింటికి ఆ ఆఫీసు గేటు దాకా వెళ్లి రండి. మీవారు ఒక రోజంతా అద్దె గదిలో కూర్చుని పని చేసుకుని, సాయంత్రం పాపను తీసుకుని కిందికి దిగి చూడాలి.

అత్తమామలకు ఆ ప్రయాణానికి ముందే చెప్పండి. అన్నీ ఖాయమయ్యాక చెబితే అది కబురు అవుతుంది, ముందే చెబితే సలహా అడిగినట్టు ఉంటుంది. చెప్పవలసినది మీరు కాదు, వాళ్ల అబ్బాయి. ఉద్యోగం వచ్చింది మీకు కాబట్టి, మాట మీ నోటి నుంచి వస్తే కోడలు కొడుకును, మనవరాలిని తీసుకుపోతోందనే అర్థం పుడుతుంది. ఆయన హనుమకొండ వెళ్లి, తండ్రి పక్కన కూర్చుని, తానూ వెళ్లాలనుకుంటున్నానని తన మాటగా చెప్పాలి. చలికాలం తగ్గాక, ఫిబ్రవరిలో, వాళ్లిద్దరికీ ఢిల్లీ టికెట్లు తీస్తానని కూడా అప్పుడే చెప్పమనండి.