మూడొందల గుంతలు, డెబ్బై రాత్రులు

హైదరాబాద్
అక్టోబర్ నెలాఖరు

చి. చిట్టికి, పెద్దనాన్న ఆశీర్వదించి రాయునది.

మొన్న ఫోన్లో నీకు ఏడుపొక్కటే తక్కువ. వార్డు రోడ్ల మీద ఎటు చూసినా గుంతలే, లిస్టు మూడొందలు దాటింది, ఏది ముందు పట్టుకోవాలో తెలియట్లేదు, పైవాళ్లు ప్లాన్ అడుగుతున్నారు, ఒకటే టెన్షన్ అన్నావు. ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజనీర్‌గా, మొదటి చలికాలం ఎవరికైనా ఇంతే బిడ్డా. నాకు స్కూటరూ సుద్దముక్కా ఇచ్చి పంపారు. నీకు ల్యాప్‌టాప్ ఉంది. దాన్ని ఎక్కడ వాడుకోవాలో, ఎక్కడ నమ్మకూడదో ఫోన్లో చెప్తే గుర్తుండదని రాస్తున్నాను.

ముందు గుంతల లిస్టు పక్కన పెట్టి క్యాలెండర్ తెరువు. మన ఊళ్లో బీటీ రోడ్డు, అంటే తారు రోడ్డు పనికి చలికాలమే అదను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా వానలు. అక్టోబర్‌ను నేనైతే నమ్మను. 2020 అక్టోబర్ 13న ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులోనే 30 సెంటీమీటర్లు దాటి కురిసింది. అంటే నవంబర్‌లో మొదలుపెట్టి మార్చి రెండో వారానికల్లా తేల్చెయ్యాలి. ఆ తర్వాత రోజులన్నీ ఎంబీలకూ (పని కొలతలు రాసే పుస్తకాలకూ) బిల్లులకూ పోతాయి. అందులో సంక్రాంతి వారం కూడా కొట్టెయ్. ఊరంతా ఖాళీ, పని చేసుకోవడానికి ఇంతకంటే మంచి రోజులు దొరకవని మొదటి ఏడాది నేనూ సంబరపడ్డాను. తీరా చూస్తే ఊరితో పాటు కూలీలూ ఖాళీ, అందరూ పాలమూరు బస్సెక్కేశారు. డిసెంబర్‌లోనే మేస్త్రీతో మాట్లాడుకుంటే ఒక గ్యాంగ్ ఆగుతుందేమో, కూలి మాత్రం గట్టిగా అడుగుతారు.

పెద్ద రోడ్ల మీద ఎలాగూ రాత్రిపూటే పని. కాబట్టి షేర్డ్ షీట్‌లో రోడ్డుకో వరస కాదు, రాత్రికో వరస పెట్టు. ఆ రాత్రి ఏ రోడ్డు, ఎన్ని టన్నుల మిక్స్ (తారు కలిపిన కంకర), ప్లాంటు నుంచి ఎంత దూరం, రోలర్ ఎవరిది. మూడొందల గుంతలు అనుకుంటే గుండె జారుతుంది. డెబ్బై రాత్రులు అనుకో, పని కనిపిస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నీ మ్యాప్‌లో గుంతలకు పిన్నులు పెట్టావు, బాగుంది. నీళ్లకు పెట్టావా? తారు ఎంత మంచిదైనా కింద నీళ్లు నిలిస్తే కంకరను వదిలేస్తుంది, ఆపైన బస్సు చక్రాలు మిగతా పని చేస్తాయి. ఇంకా ఒకటి రెండు వానలు ఉన్నాయి. వాన వెలిసిన అరగంటకు బయల్దేరి, నీళ్లు ఆగిన ప్రతి చోటా లొకేషన్ పడేలా ఫోన్‌తో ఫొటో తియ్యి. వాటిని క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్‌లో వేసుకో, ఉచితంగానే దొరుకుతుంది. దాని మీద గుంతల లిస్టు పరిచి చూడు. రెండూ ఒకటైన చోట ముందు కాలువ పని, తర్వాతే తారు. అలాంటి చోట నవంబర్‌లో ప్యాచ్ వేసి ఫొటో పంపడం సులువే. వచ్చే జులైలో అదే గుంతకు మళ్లీ నీ పేరే చెప్తారు.

నీళ్లు ఎందుకు ఆగాయో కూడా కొంత ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఫొటోలు తెరిచి వెనక్కి వెళ్లు. ఇప్పుడు అపార్టుమెంట్లు ఉన్నచోట ఒకప్పుడు కాలువ కనబడితే నీ గుంతకు జాతకం దొరికినట్టే. చెరువుల ఎఫ్‌టీఎల్ మ్యాపులు (నిండితే నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూపేవి) మహానగర అభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ వాళ్లు ఆన్‌లైన్‌లో పెట్టారు. బాలానగర్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ వాళ్ల ఉపగ్రహ మ్యాపుల సైట్ భువన్ కూడా చూడు. అయితే ఎత్తుల విషయంలో జాగ్రత్త. ఉపగ్రహం చెప్పే ఎత్తులో తేడా మీటర్లలో ఉంటుంది, రోడ్డు మీద నీళ్లు ఆగడానికి నాలుగు వేళ్ల పల్లం చాలు. వాలు ఎటుందో తేల్చాల్సింది ఎత్తులు కొలిచే లెవెల్ మిషన్, దానితో వాడే స్టాఫ్ అనే కొలత కర్ర. ల్యాప్‌టాప్ ఎక్కడ చూడాలో మాత్రమే చెప్తుంది.

ఇది నాకు తెలియక ఒకే గుంతను మూడేళ్లు వరసగా పూడ్చాను. కాంట్రాక్టర్‌ను తిట్టాను, మిక్స్ మార్పించాను. చివరికి ఓ ఆదివారం పొద్దున ఊరికే అక్కడ టీ తాగుతూ నిలబడితే తెలిసింది, ఎదురింటి సంపు రోజూ పొంగి రోడ్డు అంచు కిందికే పోతోంది. వానతో సంబంధమే లేదు. టీకొట్టతనికి మొదటి నుంచీ తెలుసట. "మీరు అడగలేదు కదా సార్" అన్నాడు.

చలి గురించి రెండు మాటలు. అమెరికాలో మిన్నెసోటాలో మీ అక్క దగ్గర ఒక జనవరి ఉన్నాను. అక్కడ చలికాలం రోడ్డు పని అంటే మంచు తొయ్యడం, ఉప్పు చల్లడం. మంచు తోసే బండ్లకు తగిలించిన కెమెరాల్లోంచి రోడ్డు ఎలా ఉందో జనం ఇంట్లోంచే మ్యాప్‌లో చూసుకుంటారు. (ఆ బండ్లకు ఓట్లేసి పేర్లు కూడా పెడతారు. మన టిప్పర్లకు పెట్టమంటే ఏం పేర్లొస్తాయో నువ్వే ఊహించుకో.) నాకు నచ్చింది వేరే. వాళ్లు గాలి వేడిని చూసి ఊరుకోరు, రోడ్డు ఒంటి వేడి కొలుస్తారు. అది సుమారు మైనస్ 9 డిగ్రీల కంటే కిందికి పడితే మామూలు ఉప్పు పెద్దగా పని చెయ్యదు. మనకు ఉప్పుతో పని లేదు, తారుంది. కేంద్ర రోడ్డు రవాణా శాఖ స్పెసిఫికేషన్లలో మామూలు తారు మిక్స్‌కు 10 డిగ్రీల కంటే తక్కువైతే పని ఆపమని ఉంది, మోడిఫైడ్ తారుకైతే (పాలిమర్ లాంటివి కలిపినదానికి) 15. పొగమంచులోనూ ఆపాలి. హైదరాబాద్‌లో 10 ఎక్కడ పడుతుంది అనుకోకు. పటాన్‌చెరు వైపు కొన్ని డిసెంబర్ రాత్రులు పడుతుంది, ఇక 15 అంటే ఊరంతా మామూలే. వాతావరణ శాఖ సైట్‌లో రాడార్ బొమ్మా, తెలంగాణ డెవలప్‌మెంట్ ప్లానింగ్ సొసైటీ వాళ్ల మండలాల వారీ కనిష్ఠాలూ రోజూ సాయంత్రం ఒకసారి చూసుకో. పల్చటి పొర త్వరగా చల్లారుతుంది కాబట్టి వాటిని రాత్రి పదింటికే ముగించు, మందం పొర పని అర్ధరాత్రి దాటాక రెండు గంటలకు పెట్టుకో. వీజీ-30 రకం తారు మిక్స్ పరిచేటప్పుడు 140 డిగ్రీలకు తగ్గకూడదు, రోలర్ పని 90 లోపలికి పడకముందే అయిపోవాలి. టిప్పర్ ట్రాఫిక్‌లో గంటసేపు ఇరుక్కుంటే చలిలో ఏమవుతుందో లెక్క వేసుకో. ప్లాంటుకు దగ్గరి రోడ్లు జనవరికి, దూరంవి ఫిబ్రవరికి పెట్టమనేది అందుకే.

ఫిర్యాదుల యాప్ మ్యాప్‌ను చూసి ఆర్డర్ వెయ్యకు. ఎర్ర చుక్కలు ఎక్కువున్న కాలనీలో గుంతలు ఎక్కువని కాదు, యాప్ వాడేవాళ్లు ఎక్కువని. బస్తీలో చుక్క ఉండదు, మోకాలి లోతు గుంత ఉంటుంది. చుక్కలు లేని వీధులను వేరే రంగులో వేసి, వాటికి నువ్వే నడిచి వెళ్లు. తెల్లవారుజామున ఊడ్చే అమ్మలనూ, ఆటోవాళ్లనూ అడుగు.

తారు వేసే ముందు పైపులవాళ్లనూ, కేబుల్ వాళ్లనూ ఒకే షీట్‌లోకి తెచ్చి తవ్వే తేదీ రాయించుకో. నేను వేసిన కొత్త రోడ్డును ఒక శాఖ పద్దెనిమిదో రోజున తవ్వింది. నోరు తిరగని తిట్లన్నీ ఆ రోజే నేర్చుకున్నాను.

ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని ఇంటికి రా, రాత్రుల షీట్ ఇద్దరం కూర్చుని వేద్దాం. పెద్దమ్మ సర్వపిండి చేస్తానంటోంది. నా పాత డయల్ థర్మామీటర్ ఇమ్మని మాత్రం అడగకు, అది పది డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. కొత్తది కొనుక్కో.

ఆశీస్సులతో,
పెద్దనాన్న