నడుము ఆపరేషన్ తర్వాత ఫిజియో మర్నాడే మొదలవ్వాలి

మీ నాన్నగారికి డిస్క్ ఆపరేషన్ అయి పది రోజులైంది, ఫిజియోథెరపీ ఎప్పుడు మొదలుపెట్టాలి, చుట్టాలేమో మూడు నెలలు మంచం దిగొద్దంటున్నారు అని రాశారు. ఆపరేషన్ చేసిన డాక్టర్ ప్రత్యేకంగా వద్దనకపోతే ఆయన్ని ఇవాళే లేపి నడిపించండి.

నాకు హైదరాబాద్‌లో నడుము కింది భాగంలో ఎల్‌ఫోర్, ఎల్‌ఫైవ్ అనే వెన్నుపూసల మధ్య డిస్క్‌కు ఆపరేషన్ చేశారు. మర్నాడు పొద్దున్నే ఫిజియో అమ్మాయి వచ్చి "అక్కా, లేద్దామా" అనగానే మా మేనమామ కుర్చీలోంచి లేచి, నిన్న కోసిన మనిషిని ఇవాళ నడిపిస్తారా అని గట్టిగా అరిచాడు. ఆ పిల్ల ఏమాత్రం తొణకలేదు. "పడుకునే ఉంటేనే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం అంకుల్" అని, నా మోకాళ్లు మడిపించి, భుజాలూ తుంటీ ఒకేసారి పక్కకు దొర్లించి, కాళ్లు మంచం కిందికి జారుస్తూ మోచేత్తో నొక్కి లేవమంది. నడుము మెలి పడకూడదు, అదే ముఖ్యం. కళ్లు తిరిగితే కాసేపు అంచునే కూర్చోబెట్టింది. నిలబడ్డాక కుట్ల దగ్గర లాగింది కానీ, పిర్ర నుంచి పిక్క దాకా నెలల తరబడి జివ్వుమన్న నొప్పి లేదు! వరండా చివరిదాకా నడిచాను, మామ సణుగుతూనే సెలైన్ స్టాండ్ పట్టుకుని పక్కన నడిచాడు.

నా దృష్టిలో ఫిజియో అంటే అదే, ఆ నడకే. కండరాలను బలపరిచే వ్యాయామాలు మాత్రం మామూలు డిస్క్ ఆపరేషన్‌కు సాధారణంగా 4 నుంచి 6 వారాలకు మొదలుపెడతారు. అప్పుడు మొదలుపెట్టినవాళ్లకు నొప్పి త్వరగా తగ్గుతుందని, వ్యాయామాల వల్ల మళ్లీ ఆపరేషన్ చేయాల్సి రావడం పెరిగినట్టు ఆధారం లేదని 2014 నాటి కోక్రేన్ సమీక్షలో (చాలా అధ్యయనాలను కలిపి పరిశీలించిన నివేదికలో) ఉంది. రాడ్లు, స్క్రూలు వేసి ఉంటే కథ వేరు, ఎముక అతుక్కోవడానికే నెలలు పడుతుంది కాబట్టి నడక తప్ప మిగతావన్నీ సర్జన్ ఎక్స్‌రే చూసి చెప్పాకే.

నాకు కోపం వచ్చేది డిశ్చార్జ్ కాగితం చూస్తే. మాత్రలకు పొద్దున, రాత్రి అని టిక్కులు పెడతారు, ఫిజియోథెరపీకి మాత్రం "చేయించుకోవాలి" అని ఒక్క ముక్క. ఏ వ్యాయామం, ఎప్పటినుంచి, ఎన్నిసార్లు అన్నది ఎవరు చెప్పాలి? అది తెలియకే మా వీధి చివరి క్లినిక్‌కు వెళ్తే, రోజూ బోర్లా పడుకోబెట్టి కరెంట్ ప్యాడ్‌లు అంటించి, వేడి కాపడం పెట్టి డబ్బులు తీసుకున్నారు, ఒక్క వ్యాయామం చేయించలేదు. క్లినిక్ మార్చేశాను. కొత్తగా చూసినాయన మెషీన్ ముట్టుకోలేదు, వెల్లకిలా పడుకుని తుంటి పైకెత్తడం, వీపు వంచకుండా కుర్చీలోంచి లేవడం, ఇవే చేయించాడు, నా నడుము నిలబడింది వాటివల్లే. మెషీన్ పెట్టి పంపేవాళ్ల దగ్గరికి మీ నాన్నగారిని తీసుకెళ్లకండి.

ఇంకో మాట, పరామర్శకు వచ్చినవాళ్ల మర్యాద కోసం ఆయన్ని గంటలకొద్దీ కూర్చోబెట్టకండి. ఈ వారాల్లో ఎక్కువసేపు కదలకుండా కూర్చోవడం నడుముకు భారం. కింద కూర్చోవడం, వంగి బకెట్ ఎత్తడం వద్దు, ఇండియన్ టాయిలెట్ అయితే పైన పెట్టే కమోడ్ కుర్చీ కొనండి. మూత్రం ఆగిపోయినా, మర్మాంగాల దగ్గర తిమ్మిరెక్కినా, పాదం పైకి లేవకపోయినా, జ్వరం వచ్చినా, కుట్లలోంచి చీము కారినా ఫిజియో సంగతి పక్కన పెట్టి అప్పటికప్పుడు ఆసుపత్రికి తీసుకెళ్లండి.