విల్లుకు ముందుగా ఏ పరికరం అవసరం?

ప్రశ్న: మా అమ్మాయికి పదమూడేళ్లు. ఏడాదిగా రికర్వ్ విల్లుతో (కొనలు ముందుకు వంగి ఉండే విల్లు) సాధన చేస్తోంది. సైట్, స్టెబిలైజర్, క్లిక్కర్ అన్నీ ఒకేసారి బిగిస్తేనే గురి కుదురుతుందని దుకాణంలో చెబుతున్నారు. నిజమేనా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అన్నీ ఒకేసారి వద్దండి. ఈ పరికరాలేవీ గురి చూసిపెట్టవు. ఒక బాణాన్ని వదిలిన తీరులోనే తరువాతి బాణాన్నీ వదలడానికి తోడ్పడతాయి. ఆ తీరు ఇంకా కుదరని చేతికి అవి భారమే అవుతాయి. ముందుగా చేతికి సరిపోయే ఫింగర్ ట్యాబ్ (నారి లాగే వేళ్లకు రక్షణ), ఆర్మ్ గార్డ్ (విల్లు పట్టిన చేతికి రక్షణ) కొనండి. వేళ్లు నొప్పి పుడుతున్నా, నారి మోచేతికి తగులుతుందేమోనన్న భయమున్నా ఏ పిల్లా నారిని సాఫీగా వదలలేదు.

ఆ తరువాత సైట్, అంటే గురి చూసుకోవడానికి విల్లుకు బిగించే గుర్తు. ఒలింపిక్ రికర్వ్ పోటీ జరిగే 70 మీటర్ల దూరంలో పది పాయింట్ల వలయం వ్యాసం 12.2 సెంటీమీటర్లే. కంటికి సుమారు 90 సెంటీమీటర్ల దూరాన ఉండే సైట్ ఒక్క మిల్లీమీటరు పక్కకు జరిగినా బాణం లక్ష్యం దగ్గర దాదాపు 8 సెంటీమీటర్లు తప్పుతుంది, అంటే పది చేజారినట్టే. అందుకే ఖరీదైనదా కాదా అన్నదానికంటే మరలు వదులు కాకుండా నిలుస్తాయా అన్నది చూసుకోండి. బాణాలు గుంపుగా ఎడమకు పడుతుంటే సైట్‌ను ఎడమకే జరపాలి. చాలామంది పిల్లలు కుడికి జరిపి తికమకపడతారు.

స్టెబిలైజర్ పని అర్థం కావాలంటే, తాడు మీద నడిచే మనిషి చేతిలోని పొడవాటి గడను తలచుకోండి. పిడికిలికి దూరంగా కడ్డీ చివర ఉన్న బరువు వల్ల విల్లు తేలికగా మెలితిరగదు. అయితే ఆ బరువుకు చివరి బాణాల సమయానికి భుజం వాలిపోతుంటే, ఇంకొన్నాళ్లు ఆగడమే మేలు.

క్లిక్కర్ విషయంలో మాత్రం అసలు తొందరపడకండి. బాణం మీద ఆనుకొని ఉండే ఆ సన్నటి రేకు, నారిని సరిగ్గా అవసరమైనంత లాగగానే మొన మీదుగా జారి 'టిక్కు'మంటుంది. ప్రతిసారీ ఒకే కొలత వచ్చేది అందువల్లే. కానీ ఎదిగే వయసులో చేతుల పొడవు మారుతుంటుంది. నిరుటి కొలతకు బిగించిన క్లిక్కర్ ఈ ఏడాది అమ్మాయిని చేయి ముడుచుకుని లాగేలా చేస్తుంది. అది అలవాటైతే మాన్పించడం చాలా కష్టం.

ఒక జాగ్రత్త. 2023లో హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు గెలిచిన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖను చూసి, ఆమె వాడే రిలీజ్ ఎయిడ్ (వేళ్లకు బదులు నారిని పట్టి వదిలే పరికరం), పీప్ సైట్ (నారిలో అమర్చే, గురి చూసే చిన్న రంధ్రం) కూడా కొనాలని అనిపించవచ్చు. ఆమెది కొనల్లో కప్పీలుండే కాంపౌండ్ విల్లు. రికర్వ్ పోటీల్లో ఆ రెంటికీ అనుమతి లేదు కనుక వాటిని ఎవరు చూపించినా కొనకండి.