ముందు కుళాయి కట్టేయ్

చి. సుధకు బాబాయి ఆశీస్సులు.

చదవని మెయిళ్లు 18,000 దాటాయని, అన్నీ ఒక్కసారే తీసి పారేస్తానంటున్నావని మీ నాన్న చెప్పాడు. తొందరపడకు. వచ్చేవాటిని ఆపకుండా పాతవి తీసేస్తే కొన్నాళ్లకు మళ్లీ అదే గోల. ముందు కుళాయి కట్టేయ్.

జీమెయిల్‌ను కంప్యూటర్‌లో తెరువు. ప్రమోషన్స్ ట్యాబ్‌లో నీకు తెలిసిన కొట్ల మెయిళ్లు ఒక్కోటీ తెరిచి, పంపినవాళ్ల పేరు పక్కనుండే అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కు. పెద్ద సంఖ్యలో మెయిళ్లు పంపేవాళ్లు తమ ప్రకటనలను ఒక్క నొక్కుతో వదిలించుకునే వీలు ఇవ్వాలని, రెండు రోజుల్లో పంపడం ఆపాలని గూగుల్, యాహూ 2024లో నియమం పెట్టాయి. ఎన్నడూ వినని పేరుతో వచ్చినదైతే మాత్రం లోపలి లింకు ముట్టుకోకు. నొక్కావంటే ఈ అడ్రసు వాడుకలో ఉందని వాళ్లకు తెలిసిపోతుంది. స్పామ్‌లో పడేయ్.

బ్యాంకు, మ్యూచువల్ ఫండ్ స్టేట్‌మెంట్లు ఆపలేం కదా, వాటికి ఫిల్టర్ పెట్టు, అంటే వచ్చిన మెయిల్ దానంతటదే పక్కకు పోయే ఏర్పాటు. వెతికే పెట్టె కుడి చివరనున్న గుర్తు నొక్కితే ఫారం తెరుచుకుంటుంది. అందులో పంపినవాళ్ల అడ్రసు రాసి, ఇన్‌బాక్స్‌లోకి రాకుండా నేరుగా 'స్టేట్‌మెంట్లు' అనే లేబుల్ కిందికి పోయేలా చెయ్యి. చాలామంది బోల్తాపడేది ఇక్కడే. అడ్రసు బదులు మాట పెడతారు. 'ఆఫర్' అన్న మాట కనిపిస్తే డిలీట్ చెయ్యమన్నావనుకో, చీరల ఆఫర్‌తో పాటు ఉద్యోగం ఆఫర్ లెటరూ పోతుంది. 30 రోజులు దాటితే బిన్‌లోనూ దొరకదు. ఫిల్టర్‌తో దేన్నీ డిలీట్ చేయించకు, పక్కకు జరిపితే చాలు. ఓటీపీలు వచ్చే అడ్రసుల జోలికి అసలే పోకు.

ఇక పాతవి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ జాగాలోనే ఫోటోలు, డ్రైవ్, మెయిల్ మూడూ సర్దుకోవాలి. అది నిండితే కొత్త మెయిళ్లు వచ్చినచోటికే తిరిగిపోతాయి. అదే ఫారంలో సైజు 10 ఎంబీ కంటే ఎక్కువ అని పెట్టి, బరువైనవి ముందు తియ్యి. పైనున్న గడిలో టిక్ పెడితే ఆ పేజీలోవే ఎంపికవుతాయి; మిగతావన్నీ కూడా కావాలంటే జాబితా పైన వచ్చే వరుస నొక్కాలి. బిన్ ఖాళీ చేస్తేగానీ జాగా రాదు. అంతకుముందే నీ రిటర్ను చూసి ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు పంపిన ఇంటిమేషన్ పీడీఎఫ్‌లు దించుకో. పాస్‌వర్డ్ నీ పాన్ నంబరే, అక్షరాలు చిన్నవి, వెంటనే పుట్టిన తేదీ, నెల, సంవత్సరం కలిపి 8 అంకెలు.

మెయిల్‌కు కాలం చెల్లిందనే మాట నేను నమ్మను. కబుర్లు వాట్సాప్‌కు పోయాయి, సరే. పాస్‌వర్డ్ మరిచిపోతే మళ్లీ మెయిలే కదా దిక్కు! ఇకమీద రాసేదీ ఏఐ, సారాంశం చెప్పేదీ ఏఐ అయ్యేలా ఉంది. వాడుకో, తప్పులేదు. గడువు తేదీ, డబ్బు, ఖాతా నంబరు ఉన్న మెయిల్‌ను మాత్రం సారాంశం చూసి వదిలేయకుండా తెరిచి చదువు.

ఈ ఒక్క అడ్రసు ఎవడి చేతిలోనైనా పడితే మిగతా ఖాతాలన్నీ పోయినట్టే. అందుకని ఈ వారంలోనే రెండంచెల రక్షణ పెట్టు, అంటే పాస్‌వర్డ్ ఒక్కటే చాలకుండా ఫోన్‌తో కూడా రుజువు చూపాల్సిన ఏర్పాటు. అక్కడే 10 బ్యాకప్ కోడ్‌లు కూడా తీసుకుని, కాగితం మీద రాసి బీరువాలో దాచు. ఫోన్ పోయిన రోజున అవే పనికొస్తాయి.

మీ బాబాయి