రాత మీద బతకొచ్చా అని అడిగావు కదా

వింధ్యా,

సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసెలు వత్తుతూ అడిగావు, "ఉద్యోగం మానేసి రాత మీద బతకొచ్చా పిన్నీ" అని. మీ అమ్మ పక్కనే ఉంది కాబట్టి నేను నూనె కాగిందో లేదో చూస్తున్నట్టు తప్పించుకున్నాను. ఇప్పుడు తీరిగ్గా చెప్తాను.

బతకొచ్చు. నేను ఇరవై ఏళ్లు దాటింది ఇలా బతకబట్టి. కానీ సలహాలిచ్చేవాళ్లు మామూలుగా మింగేసే మాట ఒకటుంది, అది ముందే చెప్పేస్తాను. పత్రిక డెస్కులో ఉద్యోగం వదిలేశాక మొదటి రెండేళ్లు మా ఇల్లు గడిచింది మీ బాబాయి జీతంతో. నా సంపాదన కరెంటు బిల్లుకీ పాలకీ సరిపోయేది, కొన్ని నెలలు ఒట్టి పాలకే. నీకు ఆ ఆసరా లేదు. అందుకని నీకు కావలసింది ధైర్యం కాదమ్మా, కనీసం ఎనిమిది నెలల ఇంటి ఖర్చు బ్యాంకులో ఉండటం. అది చేరేదాకా ఉద్యోగం చేస్తూనే శని, ఆదివారాలు బయటి పనులు పట్టు. నిన్ను రెండోసారి పిలిచి పని ఇచ్చినవాళ్లు ఇద్దరైనా ఉండాలి, అప్పుడు రాజీనామా సంగతి ఆలోచించు. మొదటిసారి ఎవరైనా ఇస్తారు, మొహమాటానికో తొందరకో. రెండోసారి పిలిచారంటేనే నీ పని నచ్చినట్టు.

ఏం రాసి బతకాలన్నది అసలు ప్రశ్న. నువ్వు కథలు బాగా రాస్తావు, నాకు అనుమానం లేదు, కానీ తెలుగులో కథలు రాసి ఇంటద్దె కట్టినవాళ్లు నాకైతే తారసపడలేదు. విపుల, చతుర లాంటి మాసపత్రికలే ఆగిపోయాయి, ఉన్నవాటిల్లో కొన్ని పారితోషికం పంపుతాయి, కొన్ని కాంప్లిమెంటరీ కాపీ పంపుతాయి, కొన్ని అదీ పంపవు. పోయినేడాది నా లెక్కల పుస్తకం తీసి చూస్తే డబ్బు వచ్చింది ఆరోగ్య కరపత్రాల అనువాదం నుంచి, ఒక నీళ్ల మోటారు వాడకం పుస్తకం నుంచి, ఓటీటీ సిరీస్ ఒకదానికి డబ్బింగ్ మాటల నుంచి, ఇంకా ఒక రిటైర్డ్ హెడ్మాస్టారి ఆత్మకథ సరిదిద్దినందుకు. ఆయన పిల్లలు డల్లాస్‌లో ఉంటారు, నాన్న ఎనభయ్యో పుట్టినరోజుకి పుస్తకం వేయించాలని వాళ్ల ముచ్చట. ఈ రకం పని ఈమధ్య నాకు బాగానే వస్తోంది. డబ్బూ బాగుంటుంది, అంతకన్నా ఆ పెద్దాయన చెప్పిన కబుర్లు బాగున్నాయి. కథలకి వచ్చిందంతా కలిపితే మీ బాబాయి కళ్లజోడు మార్పించాను, అంతే.

దానికి దిగులేం లేదు. ఆరుద్ర గారు సినిమా పాటలు రాస్తూనే తెలుగు సాహిత్య చరిత్రని సంపుటాలకు సంపుటాలు తెచ్చారు. కొడవటిగంటి కుటుంబరావు గారు చందమామ పని చూసుకుంటూనే అన్ని కథలూ వ్యాసాలూ రాశారు. నీ కథకి నువ్వే పోషకురాలివి అనుకో, దాని ఖర్చులకి వేరే రాతలు సంపాదించి పెడతాయి.

అయితే ఆ వేరే రాతల్ని తేలిగ్గా చూస్తే అవీ కుదరవు. ఒకసారి ఓఆర్ఎస్ మీద కరపత్రం వచ్చింది, అప్పటికే ఎవరో తెలుగు చేశారు, నన్ను సరిచూడమన్నారు. "ఒక ప్యాకెట్‌లోని మిశ్రమము ఒక లీటరు శుద్ధజలమునందు కరిగించబడవలెను. తయారైన ద్రావణము 24 గంటలలోపు వినియోగించబడవలెను" అని ఉంది. వెతికినా తప్పు దొరకదు. కానీ విరేచనాలతో వేలాడిపోతున్న బిడ్డని ఒళ్లో వేసుకున్న తల్లి దీన్నేం చేసుకుంటుంది? నేనిలా మార్చాను: "ప్యాకెట్ మొత్తం ఒక లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో కలపండి. కొంచెం గ్లాసులో, కొంచెం తర్వాత అని విడగొట్టొద్దు. కొద్దికొద్దిగా తాగిస్తూ ఉండండి. మర్నాటికి మిగిలితే పారబోసి కొత్తది కలపండి." విడగొట్టొద్దన్న మాట ఇంగ్లీషులో లేదు. మా వీధిలో ఒకావిడ అలా కలపడం కళ్లారా చూశాను కాబట్టి రాశాను, రాసి, ఇది నేను చేర్చింది, మీ డాక్టరుకి చూపించండి అని పక్కన నోట్ పెట్టాను. ఆయన సరేనన్నాకే అచ్చుకి వెళ్లింది. చేర్చినా తీసేసినా చెప్పి చెయ్యి. ఆ ఒక్క నోట్ పుణ్యాన వాళ్లు ఇప్పటికీ నాకే పంపుతున్నారు.

ఏఐ సంగతి నువ్వు అడగలేదు గానీ నీ మనసులో ఉందని తెలుసు. దాచను, నా పనుల్లో ఒక రకం పూర్తిగా పోయింది, వెబ్‌సైట్లకి రాసే ఐదొందల మాటల వ్యాసాలు. అనువాదాల్లో కూడా మెషీన్ చేసిన తెలుగు పంపించి "కాస్త సరిచూడండి మేడం" అంటున్నారు, మూడో వంతు రేటుకి. ఆ 'కాస్త' అనే మాట వినపడగానే నేను రెండు పేజీలు పంపమంటాను, వాటికి ఎంతసేపు పట్టిందో చూసుకుని గంటల లెక్కన రేటు చెప్తాను. ఒక బ్యాంకు ప్రకటనలో "మనం మీ సొమ్మును భద్రంగా కాపాడతాం" అని వచ్చింది, ఇంగ్లీషులో 'మనం', 'మేము' రెండిటికీ ఒకటే మాట కదా మరి. 'యు' అంటే నువ్వా మీరా అన్నదీ అంతే. ఇక 'కజిన్' వచ్చిందంటే దేవుడే దిక్కు, బావ అన్నామా అన్నయ్య అన్నామా అన్నదాని మీద కథే మారిపోతుంది! ఇవి పట్టుకునేవాళ్లకి పని ఉంటుంది, పాత రేట్లకి మాత్రం ఉండకపోవచ్చు, అదీ గుర్తుంచుకో.

డబ్బింగ్ వైపు నీకు చెయ్యి తిరుగుతుందని నా నమ్మకం, నీకు చెవి ఉంది. అందులో కిటుకు పెదాలు. తెర మీద మనిషి పెదాలు మూసుకున్న చోట మన మాటలో ప, బ, మ లాంటిది పడాలి, లేకపోతే అర్థం ఎంత బాగున్నా దొంగమాటలా ఉంటుంది. సౌండ్ తీసేసి ఒక సీను పదిసార్లు చూసి, నువ్వే మాటలు వేసి చూడు.

రేటు గురించి ఒక తెలుగు తిప్పలు ఉంది, ఇది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అనువాదానికి మాటల లెక్కన డబ్బంటే, ఇంగ్లీషు మాటలా తెలుగు మాటలా అని ముందే అడుగు. 'ఇన్ ది హౌస్' అక్కడ మూడు మాటలు, మనకి 'ఇంట్లో' ఒక్కటే. వెయ్యి మాటల ఇంగ్లీషు నా చేతిలో ఏడొందలో ఏడొందల యాభయ్యో అవుతుంది. తెలుగు లెక్కకి ఒప్పుకుంటే పొందికగా రాసినందుకు జరిమానా కట్టినట్టే, మొదటి నాలుగేళ్లు నేను కట్టాను.

అలాగే నువ్వు యూనికోడ్‌లో, అంటే ఫోన్లో మామూలుగా టైప్ చేసే తెలుగులో పంపుతావు, ప్రెస్సులో డిజైనర్ 'అను' అనే అచ్చు ఫాంటులోకి మార్చుకుంటాడు, ఆ మార్పులో ఒత్తులు ఎగిరిపోతాయి. ఫైనల్ పీడీఎఫ్ నాకు చూపించాకే అచ్చు అని మెయిల్లో రాసుకో. పేజీ మీద నీ పేరుంటే ఎగిరిన ఒత్తులన్నీ నీ ఖాతాలోకే.

ఇప్పుడు హక్కుల మాట, కొంచెం కోపంగా చెప్తాను, ఏమనుకోకు. పేరెందుకులే, ఒక పత్రిక నా కథలు పదకొండు వేసింది. కొన్నేళ్ల తర్వాత మీ చిన్నత్త ఫోన్ చేసి "వదినా, నీ కథ ఫోన్లో ఎవరో చదువుతున్నారు" అంది. చూస్తే ఆ పదకొండూ ఒక ఆడియో యాప్‌లో ఉన్నాయి, పత్రికవాళ్లు అమ్ముకున్నారు. అడిగితే "మా పత్రికలో వచ్చినవే కదండీ" అన్నారు. నేను సంతకం పెట్టిన కాగితం ఒక్కటుంటే చూపించమన్నాను. లేదు. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది, అందులో ఉన్నది ఇది: ఉద్యోగిగా రాస్తే వేరు సంగతి, బయటి మనిషిగా రాసిన కథ మీద హక్కు రాసినవాళ్లదే, అది ఇంకొకరికి బదిలీ అవ్వాలంటే రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఆ కాగితంలో ఎన్నాళ్లకి అన్నది రాయకపోతే ఐదేళ్లకనే లెక్క, ఎక్కడ అన్నది రాయకపోతే ఇండియా వరకే. ఇదంతా ఒక పేజీ ఉత్తరంగా రాసి పంపితే నెలన్నరకి చెక్కు వచ్చింది. పెద్ద మొత్తం కాదు. కానీ ఆ పత్రిక నన్ను మళ్లీ అడగలేదు, అదీ జరుగుతుంది, సిద్ధంగా ఉండు. ఎవరైనా కాగితం పంపి "అన్ని మాధ్యమాలలో, శాశ్వతంగా" అన్నారనుకో, వెంటనే సంతకం పెట్టకు. ఏ మాధ్యమం, ఎన్నేళ్లు అని అడుగు. సగంమంది ఆ లైను కొట్టేసి ఇస్తారు, ఎందుకంటే దాన్ని వాళ్లూ ఎప్పుడూ చదవలేదు.

పని పూర్తిచేసి అప్పగించిన రోజే బిల్లు పంపు, రేపు అనొద్దు. నా లెక్కల పుస్తకం నువ్వు చూశావు, నీలం అట్టది, పని ఇచ్చిన రోజు, అప్పగించిన రోజు, బిల్లు పంపిన రోజు, డబ్బు వచ్చిన రోజు, నాలుగు గళ్లు. నాలుగో గడి ఖాళీగా ఉన్న వరుసలన్నీ ప్రతి సోమవారం పొద్దున చూస్తాను, కాఫీ తాగే ముందు, తాగాక మనసు మెత్తబడుతుంది. ఒక సంస్థ నాకు పదకొండు నెలలు 46,000 ఆపింది. అడిగినప్పుడల్లా "అకౌంట్స్‌లో ఉంది మేడం". అప్పుడు ఎవరో చెప్తే ఉద్యమ్‌లో, అంటే చిన్న సంస్థల నమోదుకి ప్రభుత్వం పెట్టిన సైట్‌లో రిజిస్టర్ చేసుకున్నాను, ఆన్‌లైన్‌లో ఉచితం, డబ్బులడిగే సైట్ అయితే అది దొంగది. సూక్ష్మ, చిన్న సంస్థగా నమోదయితే 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం కింద కొన్నవాళ్లు 45 రోజుల్లోపు ఇవ్వాలి, రాసుకున్న గడువు లేకపోతే 15 రోజులే. ఆలస్యమైతే వడ్డీ కూడా. పని మొదలుపెట్టకముందే ఈ రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి, నేను బాకీ పడ్డాక చేయించుకున్నాను కాబట్టి ఆ 46,000కి అది పనికి రాలేదు, వాళ్ల ఆఫీసుకి మూడుసార్లు వెళ్లి రిసెప్షన్‌లో కూర్చుని రాబట్టాను. ఇప్పుడు బిల్లు మీద ఆ నంబరు వేస్తున్నాను, ఫోన్లు తగ్గాయి.

టీడీఎస్ అని, అంటే ముందే పట్టుకునే పన్ను కింద, పది శాతం కోసి ఇస్తారు, చాలామంది అది పోయిందనుకుంటారు. పోలేదు, నీ పాన్ మీద జమ అవుతుంది. రిటర్న్ వేస్తే, కట్టాల్సిన పన్ను అంతకన్నా తక్కువైతే తిరిగి వస్తుంది. కోసినవాళ్లు నిజంగా కట్టారో లేదో ఇన్‌కమ్ టాక్స్ సైట్‌లో చూసుకో, ఒకళ్లు నాకు కోసి ఏడాదంతా కట్టలేదు. ఏడాదికి 20 లక్షలు దాటితే జీఎస్టీ గొడవ కూడా ఉంటుంది. ఆ రోజు వచ్చినప్పుడు ఫోన్ చెయ్యి, పూతరేకులు తీసుకుని నేనే వస్తాను.

సంతోషంగా ఉండటం గురించి కూడా అడిగావు. నాకు కుదిరింది ఇదీ: పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా నా సొంత రాత, ఎవరూ అడగనిది, బిల్లు లేనిది. ఫోన్ ముందు గదిలో ఉంటుంది. ఏడు దాటాక ఇల్లు, తొమ్మిది నుంచి క్లయింట్ల పని. మొదట్లో తారుమారుగా చేశాను, ముందు డబ్బు పని అయ్యాక రాత్రి నా కథ అనుకున్నాను, మూడేళ్లలో రెండు కథలు రాశాను, రెండూ నిద్రమత్తులో రాసినట్టే ఉన్నాయి. రాత్రి తొమ్మిదికి "మేడం, అర్జెంటుగా పొద్దున్నకి" అని మెసేజ్ వస్తుంది. నేను మర్నాడు "ఇప్పుడే చూశాను" అంటాను. ఇన్నేళ్లలో అలా పోయిన పనులు నాలుగో ఐదో, అందులో ఒక్కటి కూడా ఇప్పుడు గుర్తులేదు. నడుముకి మంచి కుర్చీ కొనుక్కో, నేను డైనింగ్ కుర్చీలో తొమ్మిదేళ్లు కూర్చుని, మిగిల్చిందంతా ఫిజియోథెరపీకి పోశాను. హెల్త్ ఇన్సూరెన్సు ఉద్యోగంలో ఉండగానే సొంతంగా తీసుకో, కంపెనీది నువ్వు మానేసిన రోజే ఆగిపోతుంది.

ఇంకొకటి, ఒక్కదానివే గదిలో కూర్చుంటే పిచ్చెక్కుతుంది. నేను నెలకోసారి ఏలూరు రోడ్డు పుస్తకాల షాపులన్నీ తిరిగి వస్తాను, కొనేది ఒకటే అయినా. ఇద్దరు ముగ్గురు అనువాదకులతో స్నేహంగా ఉండు, రేట్లు ఒకళ్లకొకళ్లు చెప్పుకోండి. దాచుకుంటే లాభపడేది ఇచ్చేవాళ్లే.

రేటు చెప్పేటప్పుడు నీ గొంతు వణుకుతుందని అన్నావు. ఫోన్లో చెప్పకు, "మెయిల్ పెడతానండీ" అని పెట్టేసి, అంకె రాసి పంపు. నేనింకా అలాగే చేస్తాను. మొదటి బిల్లు పంపే ముందు నాకోసారి చూపించు. మీ అమ్మకి ఇవన్నీ ఇప్పుడే చెప్పకు, ఉగాదికి వచ్చినప్పుడు నేను మాట్లాడతాను. అరిసెల డబ్బా మీ ఇంట్లోనే ఉండిపోయింది, అది కూడా అప్పుడు తీసుకెళ్తాను.

మీ పిన్ని
విజయవాడ